వ్రోత్స్వాఫ్ వీధుల్లోని మరుగుజ్జు కంచు బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో చదువులకో ఉద్యోగాలకో చేరిన మనవాళ్ళు ఇంటికి పంపే ఫోటోల్లో జానెడు ఎత్తున్న కంచు మరుగుజ్జు ఒకటి తరచు కనిపిస్తుంది. ఆ ఫోటో చూసినవారు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ దాదాపు ఒకటే కావడం వల్ల, సమాధానాలను ఒకచోట చేర్చడం మంచిదనిపించింది. ప్రశ్నలను దశల వారీగా విభజించాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

ఈ వ్రోత్స్వాఫ్ ఎక్కడుంది? ఆ బొమ్మలేమిటి?

వ్రోత్స్వాఫ్ పోలండ్ నైరుతి భాగంలో, ఓడ్రా నది ఒడ్డున ఉన్న పెద్ద నగరం. విశ్వవిద్యాలయాలకూ సాఫ్ట్‌వేర్ సంస్థలకూ పేరున్న ఊరు కావడం వల్ల మన దేశం నుంచి వెళ్లేవారు కూడా అక్కడ ఎక్కువగానే ఉన్నారు. ఆ నగరపు పాత బస్తీలో కాలిబాటల మీద, కిటికీ అంచుల మీద, దీపస్తంభాల మీద, గుమ్మాల పక్కన ఇరవై నుంచి ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న కంచు బొమ్మలు కనిపిస్తాయి. కోసుగా ఉండే టోపీ, గుండ్రటి ముక్కు, ఏదో ఒక పనిలో మునిగి ఉన్న భంగిమ వాటి గుర్తులు. పోలండ్ వారు వాటిని క్రస్నాల్ అంటారు. మన పిల్లల కథల్లో వచ్చే మరుగుజ్జుల వంటి జానపద పాత్రలే అవి.

మొత్తం ఎన్ని ఉన్నాయి? ఒక్క రోజులో అన్నీ చూడగలమా?

చూడలేము. 2005లో ఐదు బొమ్మలతో మొదలైన వరుస ఇప్పుడు కొన్ని వందలు దాటింది, ఏటా కొత్తవి చేరుతూనే ఉన్నాయి. కొన్ని ఆసుపత్రుల ముందు, విద్యాసంస్థల ఆవరణల్లో, నగర శివార్లలో కూడా ఉన్నందువల్ల అన్నిటినీ లెక్క పెట్టడమే పనిగా పెట్టుకుంటే నగరం చూసే తీరిక మిగలదు. మార్కెట్ చౌక్ చుట్టుపక్కల వీధుల్లో ఒక పూట నడిస్తే చాలినన్ని కనిపిస్తాయి.

ఇవి పిల్లల కోసం పెట్టినవి కదా? పెద్దవాళ్ళకు వీటిలో చూడటానికేముంది?

ఈ ప్రశ్న వల్లనే ఇంత వివరంగా రాయవలసి వచ్చింది. ఈ బొమ్మలకు మూలరూపం పిల్లల పుస్తకం నుంచి రాలేదు. సైనిక పాలన కింద ఉన్న నగరంలో, రాత్రివేళ, పోలీసుల కన్ను కప్పి గోడల మీద గీసిన బొమ్మల నుంచి వచ్చింది. వాటిని గీసినవారు అరెస్టయ్యారు, విచారణలు ఎదుర్కొన్నారు. పిల్లలు ఈ బొమ్మలను చూసి సంతోషించడం సహజమే, అందులో తప్పేమీ లేదు. అయితే వారిని వెంటబెట్టుకుని తిరిగే పెద్దలకు ఆ చరిత్ర తెలిసి ఉంటే, పిల్లలకు చెప్పడానికి చాలా ఉంటుంది.

## గోడ మీద బొమ్మ: 1981 నుంచి 1989 వరకు

అసలు మరుగుజ్జు బొమ్మ గోడ మీదికి ఎందుకు వచ్చింది?

1981 డిసెంబరు 13న అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వాధినేత జనరల్ యారుజెల్స్కి పోలండ్‌లో సైనిక శాసనం విధించాడు. అంతకు ఏడాది ముందు పుట్టి, సుమారు కోటి మంది సభ్యులుగా ఎదిగిన సాలిడారిటీ కార్మిక సంఘం నాయకులను నిర్బంధించారు, సభలూ సమ్మెలూ నిషేధించారు, పత్రికలను కట్టడి చేశారు. నోరు మెదపడానికి వీలులేని చోట గోడలే పత్రికలయ్యాయి. రాత్రి ఎవరో ఒక నినాదం రాసేవారు, తెల్లవారేసరికి ప్రభుత్వ సిబ్బంది వచ్చి దాని మీద సున్నమో రంగో పూసి పోయేవారు. నినాదం కనిపించకుండా పోయేది గాని, అక్కడ ఏదో రాసి ఉండేదని ఆ కొత్త మరకే చాటి చెప్పేది. నగరమంతా అటువంటి మరకలతో నిండిపోయింది. ఆ మరకల మీదనే కొందరు విద్యార్థులు టోపీ పెట్టుకుని, చేతిలో పువ్వు పట్టుకున్న మరుగుజ్జును గీయడం మొదలుపెట్టారు. నాలుగు గీతల్లో పూర్తయ్యే బొమ్మ కాబట్టి గీసి తప్పించుకోవడం సులువు. దానిని చెరపాలంటే మాత్రం ప్రభుత్వ సిబ్బంది మళ్లీ రంగు డబ్బా పట్టుకుని, నవ్వుతున్న ఒక జానపద ప్రాణితో యుద్ధానికి దిగవలసి వచ్చేది.

మొదటి బొమ్మను ఎవరు, ఎప్పుడు గీశారు?

1982 ఆగస్టు 30 అర్ధరాత్రి దాటి 31 తెల్లవారే లోపల, వాల్డెమార్ ఫిద్రిఖ్, వియెస్వాఫ్ త్సుపావా అనే ఇద్దరు మిత్రులు బిస్కుపిన్, సెంపోల్నో పేటల ప్రాంతంలో ఒక విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ గది గోడ మీద మొదటి మరుగుజ్జును గీశారు. ఆ తేదీకి ఒక బరువుంది. 1980 ఆగస్టు 31న గ్దాన్స్క్‌లో కార్మికులకూ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. దాని రెండవ వార్షికోత్సవం నాడు, అంటే ఈ బొమ్మ పుట్టిన తెల్లవారే, దేశమంతటా నిరసన ప్రదర్శనలు జరిగాయి. వ్రోత్స్వాఫ్‌కు వాయవ్యంగా ఉన్న లూబిన్ పట్టణంలో మిలీషియా (ఆనాటి పోలీసు దళం) కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడని వారికి మరుగుజ్జు బొమ్మ కేవలం విద్యార్థుల చిలిపితనంగానే కనిపిస్తుంది.

రాజకీయ నినాదం మానేసి మరుగుజ్జునే ఎందుకు ఎంచుకున్నారు?

నినాదానికి ప్రభుత్వం ఎలా స్పందిస్తుందో అందరికీ తెలుసు: చెరపడం, పట్టుకోవడం, శిక్షించడం. మరుగుజ్జు బొమ్మకు ఎలా స్పందించాలో ఆ వ్యవస్థకు తెలియదు. దానిలో ప్రభుత్వాన్ని తిట్టిన మాట లేదు, నిషేధించిన సంఘం పేరు లేదు. దానిని నేరమని నిరూపించబోతే న్యాయస్థానంలో నవ్వులపాలు కావలసి వస్తుంది, వదిలేస్తే మరునాడు ఇంకో పది పుట్టుకొస్తాయి.

వూచ్ నగరంలో బొమ్మలు గీస్తూ పట్టుబడినప్పుడు ఫిద్రిఖ్ ఇచ్చిన వివరణ తెలుగు రాజకీయ సాహిత్యం చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. గతితర్కం (మార్పును మార్క్స్ వాదులు వివరించే పద్ధతి) ప్రకారం ప్రభుత్వ వ్యతిరేక నినాదం వాదం, దాని మీద పూసిన రంగు మరక ప్రతివాదం, ఆ రెండింటి నుంచి పుట్టిన మరుగుజ్జు సంవాదం అని ఆయన చెప్పాడు. తాము మార్క్స్ వారసులమని చెప్పుకునే అధికారుల ముందు వారి పాఠ్యపుస్తకాన్నే తెరిచి పెట్టడం అది. 1983 మొదటి సగానికల్లా వ్రోత్స్వాఫ్, క్రాకుఫ్, వార్సా, వూచ్, గ్దాన్స్క్ వంటి నగరాల్లో కలిపి వెయ్యికి పైగా మరుగుజ్జులు గోడలకెక్కాయి.

ఆరెంజ్ ఆల్టర్నేటివ్ అంటే ఏమిటి? ఆ రంగు ఎందుకు?

ఈ బొమ్మలు గీసినవారి ఉద్యమానికి ఆరెంజ్ ఆల్టర్నేటివ్, అంటే నారింజ ప్రత్యామ్నాయం అని పేరు. 1981 చివరలో విద్యార్థుల సమ్మె సమయంలో వెలువరించిన ఒక చిన్న పత్రికకు పెట్టిన పేరు తరువాత ఉద్యమానికీ నిలిచిపోయింది. ఫిద్రిఖ్ వ్రోత్స్వాఫ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, కళాచరిత్ర చదివినవాడు. సోషలిస్టు అధివాస్తవికత (సర్రియలిజం) పేరిట ఒక ప్రకటన కూడా రాశాడు. ఎరుపు అధికార పక్షానిది, పసుపు పోప్ పతాకంలోనిది, ఈ రెండింటికీ చెందకుండా మధ్యలో నిలిచేది నారింజ అని ఆ రంగును సాధారణంగా వివరిస్తారు.

గోడల మీద గీయడంతో ఆగిపోయారా, వీధుల్లోకి కూడా వచ్చారా?

వచ్చారు, అదే ఈ కథలో అన్నిటికన్నా విలువైన భాగమని నా అభిప్రాయం. 1980ల రెండవ సగంలో వ్రోత్స్వాఫ్‌లోని ష్విద్నిత్స్కా వీధి వారికి రంగస్థలమైంది. 1987 జూన్ 1న, బాలల దినోత్సవం నాడు, మరుగుజ్జు టోపీలు పెట్టుకుని వచ్చి దారినపోయే వారికి మిఠాయిలు పంచారు. అదే ఏడాది దుకాణాల్లో దొరకని టాయిలెట్ కాగితాన్ని వీధిలో ఉచితంగా పంచి కొరతను అందరి కళ్లకూ కట్టారు. నవంబరులో అక్టోబరు విప్లవ వార్షికోత్సవాన్ని ప్రభుత్వం కన్నా ఘనంగా జరుపుతామని ప్రకటించి, ఎర్ర బట్టలతో రమ్మని జనాన్ని పిలిచారు. ఎర్ర బట్టలు లేనివారు రొట్టె మీద టమాటా సాస్ పూసుకుని వచ్చారు. కమ్యూనిస్టు దేశపు మిలీషియా ఆ సాయంత్రం ఎరుపు కనిపించిన వారినల్లా పట్టుకోవలసిన స్థితిలో పడింది. 1988 జూన్ 1న జరిగిన మరుగుజ్జుల విప్లవంలో పది వేల మందికి పైగా టోపీలు ధరించి నగర కేంద్రంలో నడిచారు.

ఈ ప్రదర్శనల నిర్మాణాన్ని జాగ్రత్తగా గమనించాలి. చట్టవిరుద్ధమైన మరుగుజ్జుల సమావేశంలో ఎందుకు పాల్గొన్నావని ఒక పోలీసు అధికారి గంభీరంగా అడగవలసి వచ్చినప్పుడు, ఆ ప్రశ్న అడిగినవాడి అధికారమే ప్రజల కళ్ళ ముందు పలచబడిపోతుంది. సభకు రావడానికి భయపడే సామాన్యుడు కూడా టోపీ పెట్టుకుని మిఠాయి తీసుకోవడానికి భయపడడు. ఒకసారి వచ్చినవాడు తనలాంటివాళ్ళు ఎందరున్నారో చూసి ఇంటికి వెళతాడు.

అయితే శిక్షలేమీ పడలేదా? అంతా సరదాగానే గడిచిందా?

లేదు. ప్రదర్శన జరిగిన ప్రతిసారీ పదుల సంఖ్యలో అదుపులోకి తీసుకునేవారు, గంటల తరబడి ప్రశ్నించేవారు. 1988 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, దుకాణాల్లో దొరకని శానిటరీ న్యాప్‌కిన్లను వీధిలో పంచినందుకు ఫిద్రిఖ్‌ను అరెస్టు చేసి జైలు శిక్ష వేశారు. దానిపై మేధావులూ కళాకారులూ నిరసన తెలిపారు. నవ్వును ఆయుధంగా వాడినంత మాత్రాన ఎదుటివాడి లాఠీ మెత్తబడదని ఈ ఉద్యమంలో ఉన్నవారికి బాగా తెలుసు.

కమ్యూనిస్టు ప్రభుత్వం మరుగుజ్జుల వల్లనే కూలిపోయిందని చెప్పుకుంటారు. నిజమేనా?

అలా చెప్పడం అతిశయోక్తి. 1989 జూన్ 4 ఎన్నికల వరకు సాగిన మార్పుకు సాలిడారిటీ కార్మికుల పోరాటం, 1988 నాటి సమ్మెలు, చితికిపోయిన ఆర్థిక వ్యవస్థ, సోవియట్ యూనియన్‌లో వచ్చిన మార్పులు, ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ మధ్య జరిగిన రౌండ్ టేబుల్ చర్చలు ప్రధాన కారణాలు. మరుగుజ్జులు చేసిన పని వేరు. సైనిక శాసనం తరువాత అలసటలోనూ భయంలోనూ కూరుకుపోయిన యువతరాన్ని మళ్లీ వీధికి రప్పించారు, గంభీరమైన ప్రతిపక్ష రాజకీయాల్లో చోటు దొరకని వారికి ఒక చోటు కల్పించారు. ఆ పాత్రను తక్కువ చేయనక్కరలేదు, పెంచి చెప్పనక్కరలేదు.

## గోడ నుంచి కంచుకు: 2001 తరువాత

మొదటి కంచు బొమ్మ ఏది?

పాపా క్రస్నాల్ అని పిలిచే పెద్ద మరుగుజ్జు. దానిని 2001లో ష్విద్నిత్స్కా వీధిలో, కజిమేజా వియెల్కియెగో వీధిని దాటే చోట నిలిపారు. ఆరెంజ్ ఆల్టర్నేటివ్ వారు ఎక్కువగా గుమిగూడిన ప్రాంతం అదే. శిల్పి ఓలాఫ్ బ్జెస్కి. తరువాత వచ్చిన బొమ్మలకన్నా ఇది బాగా పెద్దది. మనిషి వేలి కొస ఆకారంలో ఉన్న పీఠం మీద నిలబడి ఉంటుంది. ఇది ఉద్యమానికి స్మారకంగా పెట్టిన విగ్రహం కాబట్టి, చరిత్ర కోసం వెళ్లేవారు తమ నడకను దీనితో మొదలుపెట్టడం న్యాయం.

మరి మిగిలిన చిన్న బొమ్మలు ఎలా మొదలయ్యాయి?

2003లో నగర మేయర్ మార్కెట్ చౌక్ మూలనున్న యాష్, మవ్గోషా అనే జంట ఇళ్లలో ఒకదానికి మోకాలి ఎత్తున ఒక చిన్న పలక బిగించి, అది మరుగుజ్జుల మ్యూజియం ద్వారమని ప్రకటించాడు. ఆ తరువాత, 2005 ఆగస్టులో, వ్రోత్స్వాఫ్ లలితకళల అకాడమీలో చదివిన శిల్పి తోమాష్ మోచెక్ చేసిన ఐదు బొమ్మలు వీధుల్లోకి వచ్చాయి: విశ్వవిద్యాలయం దగ్గర కత్తియోధుడు, స్తారె యాత్కి సందులో మాంసం కొట్టేవాడు, పియాస్కోవి వంతెన దగ్గర ఓడ్రా నీటిలో బట్టలుతికేవాడు, ష్విద్నిత్స్కా వీధిలో బండరాతి గుండును చెరో వైపు నుంచి తోస్తున్న, గ్రీకు పురాణంలో బండను ఎప్పటికీ దొర్లించే శాపం పొందిన రాజు పేరున్న ఇద్దరు సిసిఫస్‌లు.

ఈ ఐదూ ఉన్న చోటుతో మాట్లాడే బొమ్మలు కావడం గమనించదగినది. విశ్వవిద్యాలయం ముందున్న ఫౌంటెన్ మీద 1904లో హ్యూగో లెడరర్ చేసిన పెద్ద కత్తియోధుడి విగ్రహం ఉంది, మరుగుజ్జు కత్తియోధుడు దానికి చిన్న తమ్ముడు. స్తారె యాత్కి మధ్యయుగాల నుంచి మాంసం దుకాణాలున్న సందు. ఇంత చక్కని పొందిక తరువాత వచ్చిన వందలాది బొమ్మలన్నిటికీ లేదు.

ఇంత చిన్న బొమ్మలను కంచుతో ఎలా చేస్తారు?

చిన్న కంచు శిల్పాలకు సాధారణంగా వాడేది మైనం కరిగించి పోతపోసే పద్ధతి. శిల్పి ముందుగా మట్టితో బొమ్మ చేసి, దాని నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో మైనపు ప్రతిని తయారు చేస్తాడు. మైనం మీద వేడికి తట్టుకునే పూత వేసి కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోయి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారాక పై పూతను పగలగొట్టి, అంచులు రాచి, రంగు తేలుస్తారు. ఆదిలాబాద్ జిల్లాలో ఓజులు చేసే డోక్రా బొమ్మల్లోనూ మూల సూత్రం ఇదే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో లోహం ఇత్తడి, మైనపు దారాలను చేత్తోనే చుట్టి రూపమిస్తారు. తోపుడుకూ దొంగతనానికీ తట్టుకునేలా వీధి బొమ్మను లోహపు కడ్డీలతో రాతిలోకి గట్టిగా దిగగొడతారు.

వీటికి డబ్బు ఎవరిస్తారు?

మొదటి దశలో నగర యంత్రాంగం చొరవ ఎక్కువ. తరువాత హోటళ్లు, దుకాణాలు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు సొంత ఖర్చుతో శిల్పులకు చెప్పి చేయించుకోవడం మొదలైంది. స్థలం ఎవరిదో వారి అనుమతి ఉండాలి. ఆ కారణంగానే చాలా బొమ్మలు ఎవరి గుమ్మం ముందుంటే వారి వృత్తిని పట్టుకుని కనిపిస్తాయి.

ఉద్యమ చిహ్నం చివరికి దుకాణాల ప్రకటన అయిపోలేదా?

ఈ విమర్శ సబబైనదే. దానిని మొదట బలంగా వినిపించినవారిలో ఫిద్రిఖ్ ఒకడు. తన మరుగుజ్జు రూపాన్ని ప్రచారానికి వాడుకున్నందుకు ఆయన నగర యంత్రాంగం మీద న్యాయస్థానానికి కూడా వెళ్లాడు. అధికారాన్ని ఎదిరించడానికి గీసిన బొమ్మ అదే అధికారపు పర్యాటక చిహ్నంగా మారడం ఆయనకు ఎందుకు మింగుడుపడలేదో ఊహించడం కష్టం కాదు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. 2005 తరువాత పుట్టిన పిల్లలకు సైనిక శాసనం పాఠ్యపుస్తకంలో ఒక పేజీ మాత్రమే. ఈ బొమ్మలే లేకపోతే ఆ పేజీ దగ్గర ఆగే పని వారికి ఉండదు. నా దృష్టిలో అన్యాయం జరుగుతున్నది బొమ్మల సంఖ్య వల్ల కాదు, బొమ్మ ఉండి దాని పక్కన చరిత్ర చెప్పే ఒక్క వాక్యమైనా లేకపోవడం వల్ల. ఒక హోటల్ ముందున్న మరుగుజ్జును చూసినవాడికి 1982 ఆగస్టు రాత్రి గురించి తెలిసే దారి అక్కడ లేదు.

## వీధిలో తిరుగుతున్నప్పుడు

ఒక్క పూట మాత్రమే ఉంది. ఏ దారిన నడవాలి?

ష్విద్నిత్స్కా వీధిలో పాపా క్రస్నాల్ దగ్గర మొదలుపెట్టి, అదే వీధిలో సిసిఫస్‌లను చూసి, ఉత్తరంగా మార్కెట్ చౌక్‌కు చేరండి. ఆ చౌక్ 213 మీటర్ల పొడవు, 178 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని నడుమ పాత టౌన్ హాల్, చుట్టూ పదుల కొద్దీ మరుగుజ్జులు. వాయవ్య మూలన ఉన్న జంట ఇళ్ల పక్క నుంచి స్తారె యాత్కి సందులోకి వెళితే మాంసం కొట్టేవాడు కనిపిస్తాడు. అక్కడి నుంచి విశ్వవిద్యాలయం వైపు నడిచి కత్తియోధుడిని చూసి, నది వెంట తూర్పుగా పియాస్కోవి వంతెన దాకా వెళితే బట్టలుతికేవాడు ఉంటాడు. గోడ కాలాన్నీ కంచు కాలాన్నీ ఒకే వరుసలో చూపే దారి ఇది.

పటం అవసరమా?

మార్కెట్ చౌక్‌లోని పర్యాటక సమాచార కేంద్రంలో మరుగుజ్జుల పటాలు దొరుకుతాయి, ఫోన్‌లో వాడుకునే యాప్‌లూ ఉన్నాయి. తక్కువ సమయం ఉన్నవారికి పటం మేలు. సమయం ఉన్నవారు మాత్రం పటం మడిచిపెట్టి, చూపును మోకాలి ఎత్తుకు దించి నడవమని నా సలహా. కొన్ని దీపస్తంభాల మీదా కిటికీల మీదా ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడు తల ఎత్తడం మరువకూడదు.

టౌన్ హాల్ దగ్గర వీల్‌చైర్‌లో ఉన్న మరుగుజ్జు కథ ఏమిటి?

చక్రాల కుర్చీలో ఒకరు, చేతికర్రతో చూపు లేనివారు ఒకరు, వినికిడి లేనివారు ఒకరు, ఇలా ముగ్గురిని వ్రోత్స్వాఫ్‌ను అడ్డంకులు లేని నగరంగా మార్చాలన్న ప్రచారంలో భాగంగా పెట్టారు. వైకల్యం ఉన్నవారిని జాలి పుట్టించే భంగిమలో కాక, నగరపు మరుగుజ్జు జనాభాలో సాధారణ సభ్యులుగా చూపడం ఈ శిల్పాల గొప్పతనం. చూపు లేని సందర్శకులు చేతితో తడిమి చూడగలిగే ఎత్తులో ఉండటం ఇటువంటి చిన్న బొమ్మలకు పీఠమెక్కిన విగ్రహాల కన్నా ఉన్న మేలు.

ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు. చాలా బొమ్మల టోపీలూ ముక్కులూ వేల చేతులు తగిలి బంగారు రంగు తేలి ఉంటాయి. లాగడం, ఎక్కడం, చేతిలోని పనిముట్లను వంచడం మాత్రం చేయకూడదు. కొన్ని బొమ్మలను విరగగొట్టి ఎత్తుకుపోయిన సంఘటనలు జరిగాయి, మళ్లీ పోతపోసి పెట్టవలసి వచ్చింది.

నేను తీసిన ఫోటోలను యూట్యూబ్‌లో గాని పత్రికలో గాని వాడుకోవచ్చా?

పోలండ్ 1994 కాపీరైట్ చట్టంలోని 33వ అధికరణ, వీధులు, కూడళ్లు, ఉద్యానాల వంటి బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా నిలిపిన కళాఖండాల చిత్రాలను ప్రచురించడానికి అనుమతిస్తుంది. అదే బొమ్మను మళ్లీ బొమ్మగా చేసి అమ్మడం ఆ మినహాయింపులోకి రాదు, దానికి శిల్పి అనుమతి కావాలి.

మరుగుజ్జులు కాక, అదే చరిత్రకు చెందిన వేరే వీధి శిల్పాలు ఉన్నాయా?

రెండు తప్పక చూడవలసినవి ఉన్నాయి. పివ్సూద్స్కి, ష్విద్నిత్స్కా వీధులు కలిసే చోట యెజి కలీనా చేసిన పద్నాలుగు నిలువెత్తు కంచు మనుషులు ఉన్నారు. వీధికి ఒక పక్క ఏడుగురు నడుస్తూ నడుస్తూ కాలిబాటలోకి దిగిపోతారు, మరో పక్క ఏడుగురు నేలను చీల్చుకుని పైకి వస్తారు. ఈ కల్పన మొదట 1977లో వార్సాలో తాత్కాలికంగా రూపొందింది. వ్రోత్స్వాఫ్‌లో దానిని 2005 డిసెంబరు 12 రాత్రి నిలిపారు, తెల్లవారితే సైనిక శాసనానికి ఇరవై నాలుగేళ్లు. రాత్రికి రాత్రి అదృశ్యమైనవారినీ అజ్ఞాతంలోకి వెళ్లినవారినీ అది గుర్తు చేస్తుంది. మొదటి ఐదుగురు మరుగుజ్జులు వచ్చినదీ ఆ ఏడాదే.

రెండవది స్తారె యాత్కి సందులో ఉంది. పంది, మేక, బాతు, కుందేలు వంటి జంతువుల కంచు బొమ్మలు అక్కడ గుంపుగా ఉంటాయి; వధించిన జంతువులకు వాటిని తిన్నవారు అర్పించిన స్మారకమది. అదీ చిన్నదే, పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకుంటారు.

వ్రోత్స్వాఫ్ ఒకప్పుడు జర్మన్ నగరమట కదా? దానికీ ఈ బొమ్మలకూ సంబంధం ఉందా?

1945 వరకు ఆ నగరం జర్మనీలో ఉండేది, పేరు బ్రెస్లావ్. యుద్ధం తరువాత సరిహద్దులు మారి, జర్మన్ ప్రజలను పంపించివేశారు. తూర్పున సోవియట్ యూనియన్‌కు పోయిన ప్రాంతాల నుంచి, ముఖ్యంగా ల్వూఫ్ చుట్టుపక్కల నుంచి వచ్చినవారూ మధ్య పోలండ్ నుంచి వచ్చినవారూ ఆ ఇళ్లలో స్థిరపడ్డారు. మార్కెట్ చౌక్‌లో ప్రష్యా రాజు గుర్రపు విగ్రహం ఉన్న చోట, 1956లో ల్వూఫ్ నుంచి తెచ్చిన నాటక రచయిత అలెక్సాందర్ ఫ్రెద్రో విగ్రహాన్ని పెట్టారు. అంటే ఆ నగరపు పెద్ద విగ్రహాలు ఒకటి పోయినది, మరొకటి వేరే ఊరి నుంచి వచ్చినది. మరుగుజ్జు మాత్రం అక్కడే పుట్టి పెరిగిన తరం అక్కడి గోడ మీదనే సృష్టించుకున్నది. ఆ నగరవాసులకు దాని మీద ఉన్న మమకారానికి ఇదొక ముఖ్య కారణమని నేను అనుకుంటున్నాను.

## చూసి వచ్చాక

ఎత్తు తక్కువగా ఉండే మనుషులను ఎగతాళి చేసినట్లు కాదా?

ఇవి జానపద కథల్లో అడవుల్లోనూ ఇళ్లలోనూ కంటబడకుండా మెలిగే ప్రాణులకు రూపాలు, మనుషులకు కావు. అయినా ఈ సందేహాన్ని కొట్టిపారేయకూడదు. ఫోటోల కింద రాసే మాటల్లోనూ పిల్లలకు చెప్పే కథల్లోనూ ఎవరి శరీరాన్నీ గాయపరచకుండా జాగ్రత్త పడటం మన బాధ్యత.

తోటల్లో పెట్టే రంగుల మరుగుజ్జు బొమ్మలూ ఇవీ ఒకటేనా?

కావు. తోట బొమ్మల సంప్రదాయం 19వ శతాబ్దంలో జర్మనీలోని తురింగియా ప్రాంతపు మట్టిబొమ్మల తయారీదారుల దగ్గర బలపడింది. జానపద మూలం ఉమ్మడిదే గాని, వ్రోత్స్వాఫ్ కంచు బొమ్మల వెనుక ఉన్నది రాజకీయ చరిత్ర.

వేరే నగరాల్లోనూ ఇలాంటి చిన్న వీధి విగ్రహాలు ఉన్నాయా?

ఉన్నాయి. ద్రాక్షసారాకు పేరున్న పోలండ్ నగరం జెలోనా గూరాలో రోమన్ల ద్రాక్షసారా దేవుడు బాకస్ చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఉక్రెయిన్‌లోని ఉజ్‌హొరోద్‌లో, తరువాత హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో మిహాయ్ కొలొద్కో చేసిన అరచేతిలో ఇమిడే కంచు బొమ్మలు వంతెన గోడల మీద, మెట్ల అంచుల మీద కనిపిస్తాయి. బుడాపెస్ట్‌లోని కొన్నిటిని ఆయన ముందస్తు అనుమతి లేకుండానే పెట్టాడు. ఆ తెగువ వ్రోత్స్వాఫ్ గోడ బొమ్మలకు దగ్గరి చుట్టం. బ్రస్సెల్స్‌లోని మనెకెన్ పిస్ అనే, మూత్రం పోసే బాలుడి విగ్రహం వీటన్నిటికన్నా పాతది. జెరోమ్ దుకెన్వా 1619లో దానిని చేశాడు.

మన ఊళ్లలోనూ ఇలా పెట్టవచ్చా?

రహదారుల మీద, కాలిబాటల మీద, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. కూడలికొక విగ్రహం లేచి రాకపోకలకు అడ్డం పడుతున్న పరిస్థితిలో వచ్చిన ఆదేశమది. వీధుల అభివృద్ధి, సుందరీకరణ పనులకు అదే ఆదేశంలో మినహాయింపు ఉంది. జానెడు బొమ్మ ఆ మినహాయింపులోకి వస్తుందా రాదా అన్నది పురపాలక సంఘం ద్వారా ముందుగా తేల్చుకోవలసిన విషయం. సొంత ప్రహరీ లోపల, కళాశాల ఆవరణలో, దుకాణపు సొంత గుమ్మం మీద అయితే ఆ చిక్కు లేదు. శిల్పం నేర్చిన విద్యార్థులు హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల మనకున్నారు, లోహం పోతపోసే ఓజులు ఉన్నారు. మొదలుపెట్టేవారు బొమ్మ ఆకారం కన్నా ముందు, ఆ వీధిలో జరిగిన ఏ సంగతిని అది గుర్తు చేయాలో నిర్ణయించుకుని, ఆ సంగతిని రెండు వాక్యాల్లో తెలుగులో చెక్కించి పక్కన బిగించాలి.